చైర్మన్ కప్పిన శాలువాలు

మా మున్సిపల్ చైర్మన్ పోయిన రోజు మధ్యాహ్నం కమిషనర్ గారు నన్ను పిలిచారు. "ఎల్లుండి కౌన్సిల్‌లో సంతాప తీర్మానం పెట్టాలి. ఒక పేజీ రాసుకురండి. ఆయన చేసిన మంచి పనులు నాలుగు పడాలి. ఆ విదేశీ నీళ్ళ సర్టిఫికెట్ సంగతి మాత్రం మర్చిపోకండి," అన్నారు. ఆయన కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. పాపం, ఆయనకేం తెలుసు. నేను సరే సార్ అని తెల్లకాగితం తెచ్చుకుని నా కుర్చీలో కూచున్నాను. ఆఫీసు మూసే వేళ దాకా "ప్రియతమ" అన్న మాట ఒక్కటే రాశాను. అదీ కొట్టేశాను.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడొద్దని మా అమ్మ నన్ను పెంచింది. ఈ ఒక్క మనిషి విషయంలో అమ్మ మాట వినలేను. ఆయనంటే నాకు ఒళ్ళుమంట. బతికుండగా ఎదురుగా చూపించే ధైర్యం లేక లోపలే దాచుకున్న మంట కాబట్టి ఇప్పుడు ఇంకాస్త ఎక్కువగా ఉంది. తీర్మానం పేజీలో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఆఫీసుకు వచ్చేది తక్కువ. బొంబాయి హైవే పక్కన బస్టాప్ ఎదురుగా ఒక సెలూన్ ఉంది. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఆయన దర్బారు అక్కడే. రోజూ గడ్డం గీయించుకునేవాడు. మొహానికి నురగ పెట్టించుకుని కుర్చీలో వెనక్కి వాలితే, దరఖాస్తులు పట్టుకొచ్చిన జనం వెనక బెంచీ మీద వరసగా కూచునేవాళ్ళు. ఆయన ఎవరి వైపూ తిరిగేవాడు కాదు. అద్దంలోనే చూసేవాడు. అద్దంలో కనుబొమ్మ ఎగరేస్తే చెప్పమని. అద్దంలో కళ్ళు మూసుకుంటే చాల్లే, పొమ్మని. నాలుగేళ్ళు ఆయన కింద పనిచేశాను, ఆయన మొహం తిన్నగా చూసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు గుర్తున్న మొహంలో పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉంటుంది. అసలు మనిషికి అది కుడి చెంప మీద ఉండేది.

గడ్డం గీసే ఉస్తాద్ బిహార్ నుంచి వచ్చినవాడు. వచ్చి పదిహేనేళ్ళు దాటింది. పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నారు. ఆ ఉస్తాద్ కత్తి తన గొంతు మీద ఆడుతుండగానే చైర్మన్ బయటోళ్ళ మీద విరుచుకుపడేవాడు.

"గీ బయటోళ్లు వచ్చినంకనే మన నీళ్లు కరాబైనయ్. బస్సుల మనకు సీటు లేదు, దవాఖానల మనకు మంచం లేదు. ఏందిది? ఇది మన ఊరా, ఆళ్ల ఊరా?"

బెంచీ మీద జనం తలలూపేవాళ్ళు. ఉస్తాద్ గడ్డం కింది చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసి నిదానంగా గీసుకుంటూ పోయేవాడు. అతనికి తెలుగు శుభ్రంగా వచ్చు. ఒకరోజు చైర్మన్‌కే ఏమనిపించిందో, తల కొంచెం ఎత్తి, "నిన్ను గాదు ఉస్తాద్, నువ్వు మనోనివే," అన్నాడు. ఉస్తాద్ "హిలో మత్ సాబ్, కట్ జాయేగా," కదలొద్దు, తెగుతుందని మాత్రం అన్నాడు. చిట్కుల్ దారిలో బయటోళ్ళకు కిరాయికిచ్చిన రేకుల గదుల వరసలు ఎవరివో బెంచీ మీద కూచున్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఇక శాలువాలు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆయనకు కోపం వచ్చేది కాదు. పిలిపించి శాలువా కప్పేవాడు. కారు డిక్కీలో అట్టపెట్టె నిండా ఎప్పుడూ ఉండేవి, ఎర్రవి, జరీ అంచువి, ఒక్క ఉతుకుకు రంగు దిగేవి. మురికి నాలా కంపు గురించి పేపర్లో రాయించిన రిటైర్డు పంతులుకు ఉపాధ్యాయ దినోత్సవం నాడు శాలువా. నీళ్ళ బిందెలతో హైవే మీద బైఠాయించిన ఆడవాళ్ళకు మహిళా దినం నాడు వరసబెట్టి శాలువాలు. పక్కన నిలబడి దండం పెడుతూ ఫొటో దిగాక, ఆ మనిషి మర్నాడు మళ్ళీ తిట్టడానికి ఏ మొహంతో వస్తాడు? పంతులు నిజంగానే మళ్ళీ రాలేదు.

"తమ్మీ, మనిషి నోరు ముయ్యాలంటే కొట్టుడు దండుగ," అని నాతో అద్దంలో ఒకసారి అన్నాడు. "భుజం మీద బట్ట వడితే నోరు దానంతటదే మూతవడ్తది."

ఆ మాట అని నవ్వలేదు కూడా. వడ్రంగి తన పనిముట్టు గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఒకటి ఒప్పుకోవాలి. ఊళ్ళో ఏ ఇంట చావు జరిగినా మొదట వచ్చేది ఆయనే. మా అమ్మ పోయినప్పుడు తెల్లవారకముందే వచ్చి, కట్టెలు పురమాయించి, చివరిదాకా నిలబడ్డాడు. పాడె మోసేటప్పుడు నా వెనక భుజం ఆయనదే. అది గుర్తొచ్చినప్పుడు నాకు కృతజ్ఞత కలగాలి. కలగదు. ఆ భుజం వల్లనే తర్వాత నేను నోరెత్తలేకపోయానని ఇంకా మండుతుంది.

మా ఊరికి యూరప్‌లోని ఒక చిన్న ఊరితో జోడీ కుదిరిన సంగతి చెప్పాలి. అక్కడా ఒకప్పుడు రంగుల కార్ఖానాలు, మందుల కార్ఖానాలు. అక్కడి నది కూడా మా చెరువుల్లాగే పూటకో రంగు మారేదట. తర్వాత వాళ్ళు బాగుచేసుకున్నారు. అట్లాంటి ఊళ్ళూ మాలాంటి ఊళ్ళూ జతకట్టి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని ఒక పథకం. ఢిల్లీ వాళ్ళ మాట, వాళ్ళ రాజధాని మాట మధ్యలో పెట్టుకోకుండా, మున్సిపాలిటీ మున్సిపాలిటీతో నేరుగా మాట్లాడుకోవడం. ఆ ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాశాను. ఇల్లు పన్ను నోటీసులు రాసీ రాసీ చచ్చుపడ్డ చేతికి ఆ కొన్ని నెలలు ప్రాణం వచ్చింది. చైర్మన్‌కు మాత్రం హైవే మీద తన ఫ్లెక్సీలో ఒక తెల్లమొహం పక్కన తన మొహం పడుతుందన్నదే సంతోషం.

వాళ్ళ మేయరమ్మ వచ్చింది. తెల్ల జుట్టు, మడమ లేని చెప్పులు, వృత్తికి ఇంజనీరు. డప్పులు, దండలు అయ్యాక చైర్మన్ శాలువా కప్పాడు. ఆమె దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, ఇక నీళ్ళు చూద్దామా అని అడిగింది. శాలువా కప్పించుకున్నాక కూడా పని అడిగిన మనిషిని చైర్మన్ అప్పుడే మొదటిసారి చూసి ఉంటాడు. ఆయన మొహం చిన్నబోవడం చూసి నాకు కడుపు నిండింది.

ఆమెను పాత ఊరి చివర కూలివాళ్ళ వాడకు తీసుకుపోయాను. మా పారిశుద్ధ్య కార్మికురాలు సత్తెమ్మక్కది ఆ వాడే. అందరికీ కలిపి ఒకటే బోరు. పొద్దున పట్టిన నీళ్ళు మధ్యాహ్నానికి పసుపు తిరిగి పైన తెట్టె కడతాయి. తాగడానికి వాటర్ ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటారు. ఒంటికీ బట్టలకూ గిన్నెలకూ బోరే గతి.

సత్తెమ్మక్క కూతురు స్వప్న సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు చేసే ఒక కంపెనీలో పనికి పోయేది. దుమ్ము కూడా పోనివ్వని గది అది. తెల్ల గౌను, తలకు టోపీ. లోపలికి పోయే తలుపు దగ్గర నర్సు రోజూ చేతులు తిప్పి చూస్తుంది. చర్మం మీద దద్దురు కనపడితే ఆ పూట లోపలికి లేదు. స్వప్నకు మోచేతుల దాకా దద్దుర్లు. నెలలో ఐదారు రోజులు తలుపు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేది. ఇట్లా అయితే కష్టమని సూపర్‌వైజర్ చెప్పేశాడు. ఆ వాడలో కంపెనీ బస్సు ఎక్కిన మొదటి ఆడపిల్ల ఆమె.

మేయరమ్మ సత్తెమ్మక్క నులకమంచం మీద కూచుని స్వప్న చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత నాతో చెప్పింది. ముందు పరీక్ష జరగాలి. నీళ్ళు చెడ్డవని తేలితే ఈ వాడలో శుద్ధి యంత్రం వాళ్ళ ఊరే పెడుతుంది, నడపడం ఇక్కడివాళ్ళకు నేర్పుతుంది. నేను తెలుగులో చెప్పాను, అందులో సత్తెమ్మక్క చెవిన పడ్డది యంత్రం మాట ఒక్కటే.

"నిజమేనా సారూ? ఆమె మాట మీద ఉంటదా?" అంది సత్తెమ్మక్క.

"ఉంటదక్కా."

"మరి మనం?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండు నెలలకు వాళ్ళ దగ్గర్నుంచి పెట్టె వచ్చింది. అందులో పది ఖాళీ సీసాలు, అదనంగా ఇంకొకటి, పది కాగితాలు. ఒక్కో సీసా బోరు దగ్గర నింపాలి, నింపేటప్పుడు ఆఫీసు మనిషి ఎదురుగా నిలబడాలి, అక్కడే సంతకం పెట్టాలి. మా ఆఫీసులో ఏ కాగితమైనా కుర్చీలోనే నిండుతుంది. తనిఖీ చేశానని రాసేవాడు గడప దాటడు. అది మాకు తప్పని కూడా తోచదు. నేను సత్తెమ్మక్కను పిలిచి సీసాలిచ్చి, "అక్కా, ఆ మేడం అడిగింది, మీ బోరు నీళ్లు నింపి తే. ఆళ్ల దేశం పంపాలె, పరీక్ష చేస్తరట," అని చెప్పి, ఆమె గేటు దాటకముందే పది కాగితాల మీద పది సంతకాలు గిలికేశాను.

రిపోర్టు వచ్చింది. నీళ్ళు శుభ్రం. ఎంత శుభ్రమంటే, వాళ్ళ ఊరి నీళ్ళకంటే మేలు. చదివి నాకు మతిపోయింది. సత్తెమ్మక్కను పిలిచి అడిగాను.

"క్యాన్ నీళ్లు వోసిన సారూ," అంది, నేనెందుకు అడుగుతున్నానో అర్థం కానట్టు. "మంచి ప్లాంటు నీళ్లే. నా మంచం మీద కూసున్న మనిషి, బిడ్డ చేతులు వట్టుకున్న మనిషి, మన నీళ్లు అడిగితే ఆ కంపు నీళ్లు ఎట్ల పంపుత? పెండ్లిచూపులకు పిల్లను మాసిన చీరతోని కూసోవెడ్తమా? ఊరి ఇజ్జత్ గాదా?"

"పరీక్షని చెప్పిన గదక్కా."

"అందుకే గద సారూ. పరీక్ష పాస్ గావద్దా?"

నేను చెప్పాను. ఫెయిలయితేనే యంత్రం వస్తుందని, ఆ రోజు మంచం మీద కూచుని ఆమె అన్నది అదేనని. సత్తెమ్మక్క నిలబడ్డచోటే గోడకు ఆనుకుని కూచుండిపోయింది. "నా బిడ్డ నోట్ల నేనే మన్ను గొట్టిన్నా సారూ," అంది. నేను బోరు దగ్గరికి పోయి నిలబడి ఉంటే ఆ తప్పు జరిగేదే కాదు. ఆమె ఆ మాట అనలేదు. అననందుకు ఆమె ఎదుట తలెత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున సెలూన్‌కు పోయాను. బెంచీ ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆయన వెనక నిలబడ్డాను.

"అన్నా, ఆ రిపోర్టు తప్పు. సీసాలల్ల క్యాన్ నీళ్లు వోసిన్రు. నేను సూడకుంటనే సంతకం వెట్టిన. మల్ల పంపుదాం."

అద్దంలో నురగ మధ్య కళ్ళు నా మీద నిలిచాయి. "నాకెరుకనే తమ్మీ."

"ఎట్లన్నా?" అన్నాను.

"ఆ బోరు నేను చిన్నప్పటి సంది ఎరుగుదు. గా నీళ్లు పాసైనయంటే నేను నమ్ముతనా? కని కాగితం వచ్చింది గదా. విదేశం కాగితం. దాన్ని నేనెందుకు వాపస్ ఇయ్యాలె?" ఉస్తాద్ కత్తి గాలిలో ఆగింది. "సరే, నిజం చెప్దాం. ముందుగాల ఎవలి నౌకరి పోతది? సత్తెమ్మది. ఎన్కనే నీది. నాదేం పోదు, నేను సంతకం వెట్టలే. చెప్పుమంటవా? నువ్వు ఊ అంటే ఇప్పుడే పేపరోళ్లను విలుస్త."

"ఆడపిల్ల చేతులన్నా, పని పోతది దానికి..."

"మలాం ఇప్పిస్త గదా," అని కళ్ళు మూసుకున్నాడు.

ఇంకో మాట అన్నానని రాయాలని ఉంది. అనలేదు. బయటికొచ్చి బస్టాప్‌లో కాసేపు నిలబడి ఆఫీసుకు పోయాను.

పంద్రాగస్టు నాడు జెండా కింద ఇద్దరికి సన్మానం జరిగింది. ఊరి నీళ్ళకు విదేశాల్లో పేరు తెచ్చిన ఉత్తమ ఉద్యోగినని నాకో శాలువా, ఉత్తమ కార్మికురాలని సత్తెమ్మక్కకో శాలువా. ఆయన కప్పుతుంటే ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆ చేతులకూ దద్దుర్లే. నేను ఫొటోలో దండం పెట్టాను, ఆ ఫొటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది. మేయరమ్మ ఆ నెలలోనే ఉత్తరం రాసింది. సంతోషం, కానీ నమ్మలేకపోతున్నాం, ఇంకోసారి సీసాలు పంపమంటారా అని. మా మాట మీద నమ్మకం లేకపోతే జోడీ ఎందుకని చైర్మన్ జవాబు రాయించాడు. రాసిన చెయ్యి నాదే.

తర్వాత వాళ్ళ ఊళ్ళో ఎన్నికలొచ్చి మేయరమ్మ ఓడిపోయింది. గెలిచినవాడు మన సొమ్ము మనకే, బయటివాళ్ళు బయటికే అని అరిచి గెలిచాడు. చైర్మన్ సెలూన్‌లో కూచుని ఫోన్‌లో అతని వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా కన్నార్పేవాడు కాదు. "భాష రాకున్నా సమజైతుంది తమ్మీ. ఈడు మనోడే," అనేవాడు. అతను అరచేత్తో బల్ల గుద్దుతాడు. మాట మధ్యలో ఠక్కున ఆపి, చెవి జనం వైపు తిప్పి, మిగతా సగం వాళ్ళతో అనిపిస్తాడు. వారం తిరక్కముందే మా చైర్మన్ చిట్కుల్ మీటింగులో బల్ల గుద్ది, చెవి తిప్పాడు. జనం అచ్చం అట్లాగే అరిచారు. ఆ నెలలోనే నీళ్ళు చాలడం లేదని చెప్పి బయటి కూలీల రేకుల గదులకు ట్యాంకర్ ఆపించాడు. తన గదులకు కూడా ఆపించాడు. కిరాయి మాత్రం ఆపలేదు.

కొత్త మేయర్ నుంచి జోడీ తెంచుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. సెలూన్‌లోనే చదివి వినిపించాను. మీ నీళ్ళు మా నీళ్ళకంటే శుభ్రమని మా ప్రయోగశాలే తేల్చింది, ఇక మా ప్రజల పన్నులు మీ మీద ఖర్చుపెట్టడం మా ప్రజలకు ద్రోహం, అని ఉంది. చైర్మన్ రెండోసారి చదివించుకున్నాడు. నురగ ఒళ్ళో పడేట్టు నవ్వాడు.

"నేనైనా గిట్లనే రాస్తుంటి!"

ఆ మర్నాడే హైవే చౌరస్తాలో ఆ కొత్త మేయర్ దిష్టిబొమ్మ తగలబెట్టించాడు. విదేశీయుడు మన ఊరిని అవమానించాడట. నినాదాలు రాసిమ్మని నాకే చెప్పాడు. నిన్న మనోడే అన్నారు కదన్నా అని ఉండబట్టలేక అడిగాను. ఆ ఒక్కసారి కుర్చీ తిప్పి నన్ను తిన్నగా చూశాడు.

"నువ్వింకా ఎప్పుడు నేర్చుకుంటవ్ తమ్మీ? ఆడు ఆడ గెలవాలె, నేను ఈడ గెలవాలె. ఆనికి నేను బయటోణ్ని, నాకు ఆడు బయటోడు. ఇద్దరికీ ఫాయిదానే."

ఒకరినొకరు ఎన్నడూ కలవని ఆ ఇద్దరికీ ఒకే దొంగ కాగితం పనికొచ్చింది. నష్టపోయింది యంత్రం కోసం ఎదురుచూసిన వాడ. ఆ తర్వాతి నెలలో నర్సు స్వప్న చేతులు చూసి, ఇక రావద్దంది. ఇప్పుడు ఆ పిల్ల కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోముతోంది. అక్కడ తలుపు దగ్గర చేతులు ఎవరూ చూడరు.

చైర్మన్ గుండెపోటుతో పోయాడు. ఇంటి ముందు షామియానా, అద్దాల ఫ్రీజర్ పెట్టె. ఆఫీసు వాళ్ళం దండ పట్టుకుని పోయాం. పుట్టుమచ్చ కుడి చెంప మీద కనిపించి, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టనిపించింది. ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఉస్తాద్ దుకాణం మూసి వచ్చి గేటు బయట నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

తీసుకుపోయే ముందు పెట్టెలోంచి దించి చాప మీద పడుకోబెట్టారు. చుట్టాలు ఒక్కొక్కరే కొత్త బట్ట తెచ్చి ఒంటి మీద పరుస్తున్నారు. ఆ వరసలో సత్తెమ్మక్క కనిపించింది. ఉతికిన చీర, నున్నగా దువ్విన తల, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరు విప్పి శాలువా తీసింది. ఎర్రది, జరీ అంచుది, మడత కూడా విప్పనిది. పంద్రాగస్టు నాటిది.

"పటేలా," అని పిలిచి ఒక్క క్షణం ఆగింది, ఆయన పలుకుతాడేమో అన్నట్టు. తర్వాత శాలువా దులిపి కాళ్ళ మీది నుంచి పైకి లాగింది. రొమ్ము దాకా, గడ్డం దాకా, అక్కడ ఆగకుండా నోటి మీదికి.

"మొకం మీదికి గాదమ్మా, భుజాల దాక చాలు," అన్నాడు పక్కనున్న కౌన్సిలర్.

"ఇట్లనే కప్పాలె సారూ," అంది సత్తెమ్మక్క. "పటేలే నేర్పిండు."

జనంలో ఎవరో వెక్కారు. పది ఫోన్లు లేచాయి. సాయంత్రానికి అన్ని గ్రూపుల్లో ఆ ఫొటో తిరిగింది, పేద కార్మికురాలి కన్నీటి వీడ్కోలు అని. ఆమె కళ్ళలో చుక్క లేదు. ఫొటో పెద్దది చేసి చూస్తే చేతుల మీద దద్దుర్లు కనపడతాయి. ఎవరూ పెద్దది చేసి చూడలేదు.

గేటు బయట నా పక్కకొచ్చి నిలబడింది. "నాది నేనిచ్చేసిన సారూ," అంది. "నీదేం జేస్తవ్?"

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున బీరువాలోంచి శాలువా తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆఫీసులో కూచుని గంటలో పేజీ పూర్తిచేశాను. పుట్టిన ఊరు రాశాను. ఏ ఇంట చావైనా ముందుగా వచ్చేవాడని రాశాను, అది అబద్ధం కాదు. నీళ్ళ సర్టిఫికెట్ దగ్గర ఇట్లా రాశాను: "ఆ పరీక్షకు పోయిన సీసాల్లో ఉన్నవి బోరు నీళ్ళు కావు, ప్లాంటు నీళ్ళు. బోరు దగ్గరికి పోకుండా సంతకం పెట్టినది నేను. తెలిసీ దాచినవాళ్ళం ఆయనా నేనూ. ఆ వాడకు నేటికీ మంచి నీళ్ళు లేవు." కింద నా పేరు, హోదా. సత్తెమ్మక్క పేరు ఎక్కడా రాయలేదు.

కమిషనర్ గారు చదివి కళ్ళజోడు తీశారు. "ఇది సంతాప తీర్మానంలో పెట్టే సంగతా? వేరే కాగితం మీద పెట్టండి, ఫైల్లో ఉంచుదాం."

"వేరే కాగితం ఫైల్లోనే ఉండిపోతది సార్," అన్నాను. "సంతాప తీర్మానమైతే అందరూ లేచి నిలబడి వింటరు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కింద నా పేరు చూశారు. "మీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

"సరే, దీనికి రుజువేది? మీ మాట ఒక్కటేనా?"

"తెస్తా సార్," అని శాలువా ఆయన బల్ల మీద పెట్టాను. నా కుర్చీ వైపు పోలేదు. స్టోరు గదిలో, వాళ్ళు పంపిన పెట్టెలోనే ఒక సీసా మిగిలి ఉంది. దారిలో ఏదైనా పగులుతుందేమోనని వాళ్ళు అదనంగా పంపింది. దాన్ని తీసుకుని ఎండలో పాత ఊరి చివరిదాకా నడిచాను.

బోరు దగ్గర సత్తెమ్మక్క బట్టలు పిండుతోంది. సీసా చూసి లేచి, చేతులు చీరకు తుడుచుకుంది. తనే నల్లా తిప్పింది. నీళ్ళు మొదట బుసకొట్టి, తర్వాత ఆ వాసనతోనే వచ్చాయి. సీసా మెడ దాకా నిండేవరకు నేను అక్కడే చూస్తూ ఉన్నాను. మూత బిగించి, వాడ పేరు రాసి, నిలబడే సంతకం పెట్టాను.